చెన్నై నుంచి పుదుచ్చేరికి ఒంటరిగా మూడు రోజులు: వెళ్లివచ్చిన ఆడవాళ్లు చెప్పగలరా?

ఉప్పుగాలి (షోలింగనల్లూరు)
ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది బాపట్ల దగ్గర ఒక పల్లె. నాలుగేళ్లుగా షోలింగనల్లూరులో ఒక లేడీస్ హాస్టల్‌లో ఉంటూ ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మీద ఉద్యోగం చేసుకుంటున్నాను. ఈ ఫిబ్రవరిలో మూడు రోజులు సెలవు పెట్టి పుదుచ్చేరికి ఒక్కదాన్నే వెళ్లాలని అనుకుంటున్నాను. ఇంతకుముందు రెండుసార్లు వెళ్లాను గాని, రెండుసార్లూ ఆఫీసు గుంపుతో కారులో శనివారం పోయి ఆదివారం రాత్రికి తిరిగివచ్చిన ప్రయాణాలే. అక్కడ ఫొటోలు దిగానని చెప్పగలను, ఊరు చూశానని చెప్పలేను.

నాకు తెలియవలసినవి చిన్న విషయాలే. బస్సా, రైలా? ఊళ్లో ఏ భాగంలో గది తీసుకోవాలి? సముద్రం ఒడ్డున ఎంత పొద్దుపోయేదాకా ఒంటరిగా కూర్చోవచ్చు? నీళ్లలోకి దిగవచ్చా? ధైర్యంగా వెళ్లు, ఏమీ కాదు అనే మాటా, ఆడపిల్లవు నీకెందుకమ్మా అనే మాటా రెండూ హాస్టల్‌లో వారం రోజులుగా వింటున్నాను. అవి రెండూ కాకుండా ఏ వీధి, ఏ వేళ, ఏ బస్సు అని చెప్పగలిగినవాళ్లు ఉంటే దయచేసి రాయండి.

అడయారు అక్క
ఆదివారం, రాత్రి 10:55

చెల్లీ, నేను పన్నెండేళ్లుగా ఏడాదికి ఒకసారైనా ఆ ఊరికి ఒక్కదాన్నే వెళ్లివస్తున్నాను. నా అనుభవంలో ఈ ప్రయాణపు భద్రతలో సగం దిగే వేళలోనే ఉంది. వెలుతురుండగా దిగినవాళ్లకు గది నచ్చకపోతే మరో గది వెతుక్కునే తీరిక ఉంటుంది, ఆటో అతనితో బేరమాడే ఓపిక ఉంటుంది. రాత్రి తొమ్మిదింటికి దిగినవాళ్లు ఎదురైన మొదటి ఆటో, దొరికిన మొదటి గది ఒప్పుకోవలసివస్తుంది.

ఈసీఆర్ (తీరం వెంబడి పోయే ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీదుగా పుదుచ్చేరి సుమారు 150 కిలోమీటర్లు. ఈసీఆర్ బస్సులు తిరువాన్మియూరులో ఆగుతాయి కాబట్టి మీరు ఊరి నడిమధ్యకు వెళ్లనక్కర్లేదు. తిండివనం మీదుగా వెళ్లే బస్సులు వేరు, ఎక్కే ముందు కండక్టరును "ఈసీఆరా?" అని ఒక్క మాట అడగండి. ఉదయం ఏడింటి లోపు ఎక్కితే పదకొండు గంటలకల్లా దిగుతారు. ఎగ్మోర్ నుంచి రైలు కూడా ఉంది గాని అది విలుప్పురం చుట్టు తిరిగి వెళుతుంది. దారిలో టాయిలెట్ కోసం బస్సు ఎక్కడ ఆపుతారో, అసలు ఆపుతారో లేదో కూడా ముందే అడగండి. ఈ సంగతి ఎవరూ రాయరు గాని, ఆడవాళ్లు ప్రయాణమంతా నీళ్లు తాగకుండా కూర్చునేది ఇందుకే.

ఊరి కట్టడం సులభం. మధ్యలో ఒక కాలువ ఉంది. దానికి తూర్పున ఫ్రెంచివాళ్లు కట్టుకున్న భాగం, పడమట తమిళ భాగం. వీధులన్నీ గళ్లనుడికట్టులాగా తిన్నగా ఒకదాన్నొకటి కోసుకుంటూ పోతాయి. దారి తప్పినా తూర్పుకు నడిస్తే సముద్రం తగులుతుంది. సాయంత్రం ఆరు నుంచి మర్నాడు ఉదయం ఏడున్నర దాకా బీచ్ రోడ్డు మీదికి వాహనాలను రానివ్వరు; ఆ వేళల్లో అది నడిచేవాళ్ల రోడ్డు. గాంధీ విగ్రహం నుంచి పాత లైట్‌హౌసు, యుద్ధ స్మారకం చుట్టుపక్కల దాకా రాత్రి తొమ్మిదిన్నర వరకు సంసారుల సందడి ఉంటుంది, పోలీసులు ఉంటారు. చిక్కల్లా లోపలి వీధులతోనే. ఫొటోల్లో అంత అందంగా కనిపించే పసుపు గోడల వీధులు రాత్రి పది దాటాక మనిషి అలికిడి లేకుండా ఉంటాయి. కాబట్టి మీ గది బీచ్ రోడ్డుకు రెండు మూడు వీధుల్లోపే ఉండేట్టు చూసుకోండి.

మరొకటి, శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం దాకా ఆ ఊరు వేరు. అక్కడ మద్యం చవక. చెన్నై నుంచీ బెంగళూరు నుంచీ తాగడానికే వచ్చే గుంపులు ఆ రెండు రోజులూ వీధుల్లో ఉంటాయి. మంగళవారం వెళ్లి గురువారం తిరిగి రండి. ఫిబ్రవరి 21 అరవిందాశ్రమాన్ని నడిపిన శ్రీమాత (అందరూ మదర్ అంటారు) పుట్టినరోజు, ఆశ్రమంలో దర్శన దినం. దానికి అటూ ఇటూ నాలుగు రోజులు దేశం నలుమూలల నుంచి భక్తులు వస్తారు, గదులు దొరకవు. రెండో వారమైతే మేలు.

పాతకాపు (పెరంబూరు)
సోమవారం, ఉదయం 6:15

నేను రైల్వేలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరైనవాణ్ణి. తప్పుగా అనుకోకండి. పై సలహాలన్నీ బాగానే ఉన్నాయి గాని, ఇన్ని జాగ్రత్తలు చెప్పవలసివచ్చిందంటేనే ఆ ప్రయాణం ఒంటరిగా చేయదగినది కాదని కదా అర్థం? ఇద్దరు ముగ్గురు స్నేహితురాళ్లతో వెళితే వచ్చే నష్టమేమిటి? సముద్రం ఎక్కడికీ పోదు. మా అమ్మాయి కూడా మొన్న ఇదే మాట ఎత్తింది. నేను వద్దన్నాను, ఇంట్లో వారం రోజులు మాటల్లేవు.

రెండో షిఫ్టు (వేళచ్చేరి)
సోమవారం, మధ్యాహ్నం 2:30

పాతకాపు గారూ, నేను ముగ్గురు స్నేహితురాళ్లతో వెళ్లినప్పుడు కూడా ఈ జాగ్రత్తలన్నీ పడ్డాను. తోడు ఉండేవాళ్లు కూడా ఆడవాళ్లే అయితే జాగ్రత్తలేమీ తగ్గవు, వాటిని నలుగురం పంచుకుంటాం, అంతే. అది పక్కన పెట్టి నాకు జరిగినది చెబుతాను, ఉప్పుగాలికి పనికివస్తుంది.

రెండేళ్ల కిందట ఒక సముద్రతీరపు ఊళ్లో ఒక లాడ్జిలో ఒక్కదాన్నే దిగాను. ఊరి పేరు, లాడ్జి పేరు ఇక్కడ అవసరం లేదు. కౌంటరులో ఉన్న మనిషి ముందుగా "తోడు ఎవరూ రాలేదా?" అన్నాడు, తరువాత "ఇంట్లో తెలుసా?" అన్నాడు, ఆఖరికి మా నాన్నగారి నంబరు ఇవ్వమన్నాడు. ఇవ్వనన్నాను. గది ఇచ్చాడు గాని, రిజిస్టరులో నా పేరు, ఊరు, ఫోన్ నంబరు నా చేతనే రాయించి, ఆ రిజిస్టరును బల్ల మీద తెరిచే ఉంచాడు. ఆ రాత్రి పదకొండున్నరకు తెలియని నంబరు నుంచి "నిద్ర పట్టిందా మేడమ్?" అని వాట్సాప్ వచ్చింది. తరువాత ఫోన్, మళ్లీ ఫోన్. తలుపుకు గొళ్లెం ఒక్కటే ఉంది, అదీ వదులు. కుర్చీని తలుపుకు చేరవేసి, దాని మీద సూట్‌కేసు పెట్టి, తెల్లవారేదాకా లైటు వేసుకుని కూర్చున్నాను. నంబరు బయటికి పొక్కింది ఆ రిజిస్టరు నుంచే అన్నది నా నమ్మకం, దానికి రుజువేమీ లేదు.

అప్పటి నుంచి నేను నాలుగు పనులు మానకుండా చేస్తున్నాను. ఆధార్ ఇవ్వవలసివచ్చినచోట చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ప్రతి ఇస్తాను. అది ఆధార్ జారీచేసే సంస్థ ఉడాయ్ వెబ్‌సైటులోనే దొరుకుతుంది. రిజిస్టరులో వాట్సాప్ లేని రెండో సిమ్ నంబరు రాస్తాను. రబ్బరుతో చేసిన తలుపు ఆపు ఒకటి సంచిలో ఉంటుంది; తలుపు కిందికి లోపలి నుంచి తోస్తే బయటి నుంచి ఎంత నెట్టినా తలుపు సులువుగా కదలదు. హార్డ్‌వేర్ కొట్లో వంద రూపాయలు కూడా కాలేదు. గదిలోకి వెళ్లగానే గోడకున్న గడియారం, పొగ పసిగట్టే పరికరం, బాత్‌రూములో అద్దం, స్విచ్‌బోర్డు రంధ్రాలు చూస్తాను. అనుమానం వస్తే గది మార్చమంటాను, కారణం చెప్పను.

నల్లకోటు (మైలాపూరు)
సోమవారం, సాయంత్రం 7:05

వృత్తిరీత్యా కొంత చెప్పగలను. ఒంటరిగా వచ్చిన, వయసు వచ్చిన స్త్రీకి గది ఇవ్వకూడదని గాని, తండ్రి నంబరు తీసుకోవాలని గాని ఏ చట్టమూ చెప్పడం లేదు. గుర్తింపు కార్డు మాత్రం అడగవచ్చు. పైన రెండో షిఫ్టు గారికి జరిగినది ఒకసారితో ఆగకుండా, వద్దని స్పష్టంగా చెప్పినా కొనసాగితే అది భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షను కిందికి వచ్చే వెంటపడే నేరం. గదిలో రహస్యంగా చూడడం, ఫొటోలు, వీడియోలు తీయడం 77వ సెక్షను. ఈ చట్టం 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో అమలులో ఉంది. కాబట్టి "వద్దు, మళ్లీ ఫోన్ చేయకండి" అని ఒక్క సందేశం రాతపూర్వకంగా పంపి, తెర ఫొటో తీసుకుని, ఆ తరువాతే నంబరును బ్లాక్ చేయండి. చాలామంది భయంతో ముందే సందేశాలన్నీ తుడిచేస్తారు, అప్పుడు మా చేతిలో ఏమీ మిగలదు.

పుదుచ్చేరి విషయంలో ఒక మెలిక కూడా ఉంది. ఊరు కేంద్రపాలిత ప్రాంతం, చుట్టూ తమిళనాడు. సెరినిటీ బీచ్ ఉన్న కోట్టకుప్పం, మదర్ నెలకొల్పిన అంతర్జాతీయ పట్టణం ఆరోవిల్‌లో అధిక భాగం తమిళనాడులోని విలుప్పురం జిల్లాలోకి వస్తాయి. మీరు గది తీసుకున్న చోటు ఒక పోలీసుశాఖది, పది నిమిషాల దూరంలో స్నానం చేసిన చోటు మరొక పోలీసుశాఖది. "ఇది మా హద్దు కాదు" అనే మాట వినబడితే వెనక్కి తిరగకండి. ఏ స్టేషనులోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ నమోదు చేయించుకునే హక్కు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 173వ సెక్షనులోనే ఉంది. నేను పైన చెప్పిన నేరాలకు మీరు ఇచ్చే సమాచారాన్ని మహిళా అధికారి నమోదు చేయాలి. 112 రెండు వైపులా పనిచేస్తుంది, 181 మహిళల సహాయ నంబరు.

యానాం పిల్ల (తరమణి)
సోమవారం, రాత్రి 9:20

హద్దుల మాట వచ్చింది కాబట్టి నేను కూడా చెబుతాను, ఎందుకంటే నేనే ఆ హద్దుల చిత్రానికి ఒక ఉదాహరణను. కాకినాడ పక్కన గోదావరి ఒడ్డున పుట్టి, కాగితాల మీద పుదుచ్చేరిదాన్ని. కాలాపట్టు విశ్వవిద్యాలయంలో రెండేళ్లు చదివాను, ఇప్పుడు తరమణిలో ఉద్యోగం. అక్కడ పుదుచ్చేరి జిల్లా అంతా ఒకే ముక్క కాదు, తమిళనాడు మధ్యలో చిరిగిన చీర ముక్కల్లా పడి ఉంటుంది. బస్సులో నిద్రపోయి లేస్తే ఏ రాష్ట్రంలో ఉన్నామో మద్యం దుకాణాల బోర్డులను బట్టి చెప్పుకునేవాళ్లం.

ఉప్పుగాలి అక్కా, ఆటోల గురించి చెబుతాను. మీటరు వేయరు, అడగడం కూడా వృథా. బస్టాండు లోపల నిలబడ్డ ఆటోలు ఎక్కకుండా రోడ్డు మీదికి వచ్చి, "అణ్ణా" అని పిలిచి, చేరవలసిన చోటు చెప్పి, "ఎవ్వళవు?" (ఎంత?) అని అడిగి, ధర తేలాకే ఎక్కండి. ఎక్కాక "ఎక్కడ దిగారు, ఒక్కరేనా?" అని ముచ్చట్లు మొదలైతే, "తంగచ్చి అంగే ఇరుక్కా" అనండి, అంటే చెల్లెలు అక్కడే ఉందని. అబద్ధమే, అయినా ఈ ఒక్క అబద్ధానికి నాకు ఎప్పుడూ తప్పు అనిపించలేదు. లాడ్జి గుమ్మం ముందు దిగకండి, వీధి మొగలో దిగండి.

సైకిళ్లు అద్దెకు దొరుకుతాయి. కాలువకు తూర్పున తిరగడానికి సైకిలు చాలు. స్కూటీ అద్దెకు తీసుకుంటే నంబరు ప్లేటు నలుపు మీద పసుపు అక్షరాలతో ఉండాలి, అదే అద్దె బండికి అనుమతి ఉన్న గుర్తు. తెల్ల ప్లేటు బండి ఇచ్చి "ఏమీ కాదు మేడమ్" అంటారు. ప్రమాదం జరిగితే బీమా దగ్గర చిక్కుల్లో పడేది మీరే.

పాతకాపు
మంగళవారం, ఉదయం 6:40

రెండో షిఫ్టు అమ్మాయి రాసినది చదివి రాత్రి నిద్ర పట్టలేదు. నేను నిన్న రాసినదానికి అదే రుజువు అని రాద్దామని కూర్చున్నాను. రాస్తూ ఉండగా అనిపించింది, ఆ రిజిస్టరు తెరిచి ఉంచినవాణ్ణి ఒక్క మాట కూడా అనకుండా ఆ అమ్మాయి ప్రయాణాన్నే తప్పుపడుతున్నానని. నా అభిప్రాయం పూర్తిగా మారలేదు. తోడు ఉంటే మేలన్నది నేను ఇప్పటికీ అంటాను. సముద్రం గురించి ఎవరైనా చెప్పండి, మా అమ్మాయికి ఈత రాదు.

నీటిగీత (కోవళం)
మంగళవారం, మధ్యాహ్నం 12:10

నేను ఈసీఆర్ మీద కోవళంలో సర్ఫింగ్ నేర్చుకుని, ఇప్పుడు చిన్నపిల్లలకు ఈత నేర్పుతున్నాను. సముద్రం విషయంలో ఆడా మగా తేడా లేదు, ఒంటరితనం ఒక్కటే తేడా.

పుదుచ్చేరి బీచ్ రోడ్డు పక్కన ఉన్నది నల్ల బండరాళ్ల ఒడ్డు. అక్కడ ఒకప్పుడు ఇసుక ఉండేది. ఊరికి దక్షిణాన 1980ల చివర ఓడరేవు కోసం సముద్రంలోకి గోడలు కట్టాక, దక్షిణం నుంచి ఉత్తరానికి ఒడ్డు వెంబడి కదిలే ఇసుక అక్కడే ఆగిపోయి, ఊరి ముందున్న ఇసుక కొట్టుకుపోయింది. ఊరు కొట్టుకుపోకుండా రాళ్లు పోశారు. ఈమధ్య మన చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వాళ్లు నీళ్లలో ఒక కృత్రిమ దిబ్బ కట్టడంతో ఒకచోట కొంత ఇసుక తిరిగివచ్చింది. ఆ రాళ్ల మీద కూర్చోండి, దిగకండి. పాచి పట్టిన రాయి మీద చెప్పు జారితే రెండు రాళ్ల సందులో కాలు ఇరుక్కుంటుంది.

సెరినిటీలో అలలు బాగుంటాయని ఈత రానివాళ్లు కూడా దిగుతారు. అక్కడా, ఆరో బీచ్‌లోనూ ఒడ్డు నుంచి లోపలికి లాగే ప్రవాహాలు ఏర్పడుతుంటాయి. అలలు విరుగుతున్న వరుస మధ్యలో ఒక్కచోట మాత్రం అల విరగకుండా నీళ్లు నున్నగా, కాస్త మురికిగా కనిపిస్తే, చూడనివాళ్లకు అదే దిగడానికి వీలైన చోటులా తోస్తుంది. నిజానికి నీళ్లు వెనక్కి పోయే దారి అదే. అందులో చిక్కితే ఒడ్డుకు ఎదురీదకూడదు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకు రావాలి. ఈత రాని మనిషి ఒంటరిగా మోకాళ్లు దాటి వెళ్లకూడదన్నది నా ఖచ్చితమైన మాట. నీళ్లలో ఆడుకోవాలనే ఉంటే చిన్న వీరాంపట్టణం దగ్గరున్న ఈడెన్ బీచ్‌కు వెళ్లండి. 2021లో దానికి, మా కోవళానికి బ్లూ ఫ్లాగ్ (శుభ్రమైన, సురక్షితమైన బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు) ఒకేసారి వచ్చింది. ఆ గుర్తింపుకు భద్రతా ఏర్పాట్లు, మరుగుదొడ్లు ఉండాలన్నది నియమం.

ఫిబ్రవరిలో వెళుతున్నారు కాబట్టి వాన భయం లేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ తీరానికి ఒంటరి ప్రయాణం పెట్టుకోకపోవడమే మంచిది. 2024 నవంబరు 30న ఫెంగల్ తుఫాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటినప్పుడు ఒక్కరోజులో నలభై సెంటీమీటర్లకు పైగా వాన పడి ఊరు మునిగింది.

ఉప్పుగాలి
మంగళవారం, రాత్రి 10:30

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఫిబ్రవరి రెండో వారంలో మంగళవారం ఉదయం బస్సు, ఆశ్రమం వాళ్ల అతిథిగృహాల్లో ఒకదానిలో రెండు రాత్రులు గది. ఒక్క సందేహం మిగిలింది. అమ్మకు చెప్పాలా? చెబితే వద్దంటుంది. చెప్పకపోతే మూడు రోజులు ఫోన్లో అబద్ధాలాడాలి.

అడయారు అక్క
మంగళవారం, రాత్రి 11:15

ఆటో అతనితో అబద్ధం ఆడండి, అమ్మతో వద్దు. నీతి కోసం చెప్పడం లేదు. ఏదైనా జరిగినప్పుడు మొదటి ఫోన్ ఇంటికి చేయాలనిపిస్తుంది, అబద్ధం చెప్పి వెళ్లినవాళ్లు ఆ ఫోన్ చేయలేరు. నాకు తెలిసిన ఒకమ్మాయి కాలు విరిగి కూడా ఇంటికి చెప్పలేక రెండు రోజులు ఆగింది. అమ్మకు బస్సు టిక్కెట్టు, గది బుకింగ్ పంపించి, అడుగుతూ కాకుండా తెలియజేస్తూ చెప్పండి. అయితే బాపట్ల నుంచి అమ్మ రావడానికి ఒక పూట పడుతుంది. కాబట్టి మూడు గంటల్లో చేరుకోగల మనిషి ఒకరు చెన్నైలో ఉండాలి, వాళ్లకే లొకేషన్ పంచుకోండి. ఎవరూ లేకపోతే నా నంబరు విడిగా పంపిస్తాను.

ఉప్పుగాలి
శనివారం, ఉదయం 11:00

అనుకున్నట్టే ఫిబ్రవరి రెండో వారంలో వెళ్లివచ్చాను. వివరంగా రాస్తున్నాను.

అమ్మ అరగంట తిట్టి, చివర "పచ్చడి తీసుకెళ్లు" అంది. తిరువాన్మియూరులో ఆరూ యాభైకి బస్సు ఎక్కి, కండక్టరు చూపించిన ముందు వరుసలో ఒక చేపల వ్యాపారం చేసే పెద్దావిడ పక్కన కూర్చున్నాను. మామల్లపురం దాటి చాలాసేపయ్యాక మరక్కాణం దగ్గర ఉప్పుమళ్లు వచ్చాయి. తాటాకులు కప్పిన ఉప్పు కుప్పలు, అద్దం పరిచినట్టు నీళ్లు. మా వైపు చినగంజాం ఉప్పు కొటార్లే లేచివచ్చి ఇక్కడ కూర్చున్నట్టు అనిపించింది. ఒంటరిగా వచ్చానన్న బెరుకు అక్కడే సగం పోయింది, ఎందుకో చెప్పలేను.

అతిథిగృహం కౌంటరులో ఉన్న పెద్దాయన గుర్తింపు కార్డు చూసి, రాత్రి గేటు మూసే వేళ చెప్పి, లోపల పొగ, మద్యం కూడదని చెప్పి తాళం ఇచ్చారు. "ఒక్కరేనా" అనలేదు. ఆ ప్రశ్న రాకపోవడం ఎంత హాయిగా ఉంటుందో అది రానప్పుడే తెలిసింది. గేటు మూసే నియమం గురించి చాలామంది విసుక్కుంటారు. నాకు మాత్రం ఆ నియమమే గొళ్లెంలాగా పనిచేసింది. అయినా రెండో షిఫ్టు గారు చెప్పిన రబ్బరు ఆపు రెండు రాత్రులూ తలుపు కింద పెట్టాను.

బుధవారం ఉదయం ఐదున్నరకు బీచ్ రోడ్డు మీదికి వెళ్లాను. ఫ్రెంచి పద్ధతి ఎర్ర కేపీ టోపీ పెట్టుకున్న పోలీసు, చెప్పులు చేత పట్టుకుని నడిచే ముసలివాళ్లు, గాంధీ విగ్రహం చుట్టూ నిలబడ్డ రాతి స్తంభాల కింద వ్యాయామం చేస్తున్న ఆడవాళ్లు. రాళ్ల మీద కూర్చుని సూర్యోదయం చూస్తుండగా ఇద్దరు కుర్రాళ్లు వచ్చి, ఫోను సముద్రం వైపు పట్టినట్టు పట్టి నన్ను ఫొటో తీస్తున్నారని అర్థమైంది. లేచి, ఏమీ అనకుండా, ఆ పోలీసు నిలబడ్డ చోటికి నడిచి అక్కడ నిలబడ్డాను. వాళ్లు వెళ్లిపోయారు. చిన్న విషయమే. కాని ఆ పూట మళ్లీ రాళ్ల మీద కూర్చోలేదు, సూర్యోదయంలో సగం వాళ్లు తీసుకుపోయారన్న కోపం ఇంకా ఉంది.

ఆశ్రమంలో అరవిందులు, మదర్‌ల సమాధి దగ్గర గంటసేపు కూర్చున్నాను. పూలు తప్ప ఏమీ లేదు, ఎవరూ మాట్లాడరు. ఆరోవిల్‌కు ఆటో తీసుకున్నాను. అక్కడి బంగారు గోళం లాంటి ధ్యానమందిరం మాతృమందిరాన్ని దూరం నుంచి చూసే చోటికి సందర్శకుల కేంద్రంలో పాసు ఇచ్చారు. లోపలికి వెళ్లి కూర్చోవాలంటే ముందుగానే బుక్ చేసుకోవాలట, అది నాకు తెలియక పోగొట్టుకున్నాను. వెళ్లేవాళ్లు గుర్తుంచుకోండి.

తప్పు చేసింది అరికమేడు (ఊరికి దక్షిణాన ఉన్న పురాతన రేవు) విషయంలో. 1945లో పురావస్తు శాస్త్రజ్ఞుడు మార్టిమర్ వీలర్ తవ్వించిన చోటు, రోమన్ కుండపెంకులు దొరికిన చోటు అని చదివి ఎంతో ఆశతో మధ్యాహ్నం రెండింటికి వెళ్లాను. ఆటో అతను నన్ను దింపి "పది నిమిషాలు" అని టీకి వెళ్లిపోయాడు. చెట్ల కింద పాడుబడ్డ ఇటుక గోడలు, ఎండుటాకులు, నది వైపు నుంచి గాలి. మనిషి లేడు. ఒక మోటారు సైకిలు నెమ్మదిగా వచ్చి, నన్ను చూసి ఆగి, ఇంజను ఆపకుండానే కాసేపు ఉండి వెళ్లిపోయింది. ఏమీ జరగలేదు. ఆటో తిరిగివచ్చేదాకా గడిచిన పన్నెండు నిమిషాలు మాత్రం ఫోనులో 112 నొక్కి, పచ్చ గుర్తు మీద వేలు పెట్టుకుని నిలబడ్డాను. చరిత్ర మీద ఇష్టం ఉన్నవాళ్లు నలుగురితో వెళ్లండి, లేదా ఆటోను కళ్ల ముందే ఆపి ఉంచండి.

ఈడెన్ బీచ్‌లో మోకాళ్ల లోతు దాటలేదు, నీటిగీత గారూ. మీరు చెప్పిన నున్నటి నీటి దారి కోసం వెతికాను, కనిపించలేదు. కనిపించనిచోట కూడా లోతుకు వెళ్లలేదు.

పాతకాపు
శనివారం, మధ్యాహ్నం 12:20

అమ్మా, క్షేమంగా వచ్చావు, సంతోషం. మా అమ్మాయి మార్చిలో వెళతానంటోంది. అతిథిగృహం గేటు ఎన్నింటికి మూస్తారో, ఆ కౌంటరు పెద్దాయన తెలుగు మాట్లాడతారో లేదో చెప్పగలవా? మొదటి రోజు బస్టాండు నుంచి ఆటోకు ఎంత ఇచ్చావు?

ఉప్పుగాలి
శనివారం, మధ్యాహ్నం 12:45

నేను ఉన్నచోట పదిన్నరకు మూశారు, బాబాయి గారూ. ఒక్కో అతిథిగృహంలో ఒక్కో వేళ ఉండవచ్చు, బుక్ చేసేటప్పుడు అడగమనండి. పెద్దాయనకు తెలుగు రాదు, అయితే ఇంగ్లీషు నెమ్మదిగా మాట్లాడతారు. ఆటో అతను రెండు వందల యాభై అడిగాడు, యానాం పిల్ల చెప్పినట్టే రోడ్డు మీదికి వచ్చి "ఎవ్వళవు?" అని అడిగి నూట యాభైకి తెగ్గొట్టాను. ఆ బేరం చేసినందుకు నాకు చాలా గర్వంగా ఉంది.

యానాం పిల్ల
శనివారం, మధ్యాహ్నం 1:05

అక్కా, మీ గర్వం పాడుచేయాలని కాదు గాని, నూట యాభై కూడా ఎక్కువే. బాబాయి గారి అమ్మాయికి నేను దగ్గరుండి ఆ ఒక్క మాట పలకడం నేర్పిస్తాను. "ఎవ్వళవు" అన్నప్పుడు మీరు తెలుగు యాసలో చివర సాగదీసి ఉంటారు, అక్కడే అతను పసిగట్టి ఉంటాడు.